లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్ పాత బిల్డింగులో లాఫ్ట్ కొనవచ్చా? ఒక మాజీ హెచ్‌ఓఏ ట్రెజరర్ సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో, స్ప్రింగ్ స్ట్రీట్ మీద, 1920లలో కట్టిన ఆఫీసు బిల్డింగును లాఫ్టులుగా, అంటే లోపల గోడలు పెద్దగా లేని ఎత్తైన హాలు లాంటి ఇళ్ళుగా, మార్చారు. అందులో ఏడో అంతస్తులో 1,150 చదరపు అడుగుల యూనిట్ చూశారు. 13 అడుగుల సీలింగు, ఒక పక్కంతా ఇటుక గోడ, మెజనైన్ (సీలింగు కింద అటక లాంటి సగం అంతస్తు) మీద పడక. ధర 7 లక్షల డాలర్లు, హెచ్‌ఓఏ (బిల్డింగు ఓనర్ల సంఘం) ఫీజు నెలకు 1,100 డాలర్లు. చారిత్రక భవనాలకు ట్యాక్స్ తగ్గించే మిల్స్ యాక్ట్ ఉంది కాబట్టి ప్రాపర్టీ ట్యాక్స్ సగమే అని ఏజెంట్ అంటున్నారు. పార్కింగ్ యూనిట్‌తో రాదు. మీరిద్దరూ ఉద్యోగస్థులు, ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నారు, పిల్లలు లేరు. ఏటా గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చి ఆర్నెల్లు ఉంటారు. నూరేళ్ళ బిల్డింగు కదా, భూకంపం వస్తే ఏమిటని మీకు టెన్షన్. కొనమంటారా అని అడిగారు.

నేను ఇదే హిస్టారిక్ కోర్‌లో (డౌన్‌టౌన్‌లోని పాత బిల్డింగుల ప్రాంతంలో) ఇలాంటి బిల్డింగులోనే ఉంటున్నాను. కొన్నేళ్ళు మా హెచ్‌ఓఏ బోర్డులో ట్రెజరర్‌గా పనిచేశాను. లాఫ్టులంటే నాకు ఇష్టమే. అయినా నా జవాబు: ఈ యూనిట్ కొనకండి. బిల్డింగు మీద మనసు పడితే ముందు అందులోనే ఒక ఏడాది అద్దెకు ఉండండి. ఎందుకంటున్నానో కింద వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మీరు కాకపోయినా ఇది చదివే ఇంకొకరికి కొనడమే సరైనది కావచ్చు.

అందరూ బిల్డింగు వయసు నూరేళ్ళని భయపడతారు. బోర్డులో కూర్చుని బిల్లులు చూసిన నాకు మాత్రం అందులో ఇరవై ఏళ్ళ వయసున్న భాగమే భయం. ఇది అర్థం కావాలంటే ఈ ఆఫీసులు ఇళ్ళుగా ఎలా మారాయో కొంచెం తెలియాలి.

ఒకప్పుడు స్ప్రింగ్ స్ట్రీట్ అంటే బ్యాంకులు, స్టాక్ బ్రోకర్లు. ‘పడమటి వాల్ స్ట్రీట్’ అనేవాళ్ళు. పక్క వీధి బ్రాడ్‌వే మీద డిపార్ట్‌మెంట్ స్టోర్లు, వరసగా డజను సినిమా హాళ్ళు. ఆ రోజుల్లో ఊళ్ళో 150 అడుగులకు మించి కట్టనిచ్చేవారు కాదు. సిటీ హాల్‌కు ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చుకున్నారు. అందుకే మీరు ఏ రూఫ్ మీద నుంచి చూసినా పాత బిల్డింగులన్నీ 12, 13 అంతస్తుల దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయి కనిపిస్తాయి. 1957లో ఆ పరిమితి ఎత్తేశారు. తర్వాత ఒక్కొక్కటిగా బ్యాంకులు, లా ఆఫీసులు బంకర్ హిల్ మీద, ఫ్లవర్ స్ట్రీట్ వైపు లేచిన కొత్త టవర్లలోకి వెళ్ళిపోయాయి. ఇక్కడ కింద షాపులు నడుస్తూనే ఉన్నా, పై అంతస్తులు మాత్రం దశాబ్దాల పాటు తాళాలు పడి ఉన్నాయి. కూల్చి కొత్తవి కట్టేంత గిరాకీ కూడా లేకపోవడం వల్లే అవి బతికిపోయాయని నా అభిప్రాయం.

1999లో సిటీ అడాప్టివ్ రీయూజ్ ఆర్డినెన్స్ తెచ్చింది. 1974 జులై 1కి ముందు కట్టిన కమర్షియల్ బిల్డింగులను ఇళ్ళుగా మార్చుకోవడం దీంతో సులువైంది. అందులో అసలు కీలకం పార్కింగ్. అప్పటికి ఎంత ఉంటే అంతే చాలు, ఇళ్ళ సంఖ్యను బట్టి కొత్తగా కట్టక్కర్లేదన్నారు. 1920ల ఆఫీసు బిల్డింగు కింద ఎవరు మాత్రం గ్యారేజీ తవ్వగలరు? మీ యూనిట్‌కు పార్కింగ్ లేకపోవడం బిల్డరు పిసినారితనం వల్ల కాదు, ఆ వెసులుబాటే లేకపోతే ఆ యూనిట్ పుట్టేదే కాదు. టామ్ గిల్మోర్ అనే డెవలపర్ ఫోర్త్, మెయిన్ వీధుల కూడలి దగ్గర మూడు పాత బిల్డింగులను మొదట లాఫ్టులుగా మార్చాడు. దాన్నే ఓల్డ్ బ్యాంక్ డిస్ట్రిక్ట్ అంటారు. అక్కడి నుంచి 2008 మాంద్యం దాకా ఒకటే వరస. 1930లో క్లాడ్ బీల్‌మన్ డిజైన్‌తో లేచిన ఈస్టర్న్ కొలంబియా బిల్డింగు, అదే నీలిపచ్చ టెర్రకోటా ఒళ్ళు, పైన పెద్ద గడియారం ఉన్నది, అది కూడా ఆ వరసలోనే 147 కాండోలుగా (విడివిడిగా అమ్మే ఫ్లాట్లుగా) మారింది.

ఇప్పుడు మీ యూనిట్ సంగతి. ఫ్రేము, ఇటుక, కిటికీలు, బయటి ముఖం నూరేళ్ళవి. మిగతావన్నీ మార్పిడి నాటివి: నీళ్ళ పైపులు, డ్రైనేజీ రైజర్లు (అంతస్తుల గుండా నిలువుగా వెళ్ళే పైపులు), రూఫ్ మీద కూలింగ్ టవర్, లిఫ్టుల కంట్రోలర్లు, ఫైర్ అలారం ప్యానెల్, రూఫ్ వాటర్‌ప్రూఫింగ్. ఇవన్నీ దాదాపు ఒకే ఏడాదిలో పెట్టినవి కాబట్టి దాదాపు ఒకేసారి పనికిరాకుండా పోతాయి. ఇరవై ఏళ్ళంటే వీటిలో చాలావాటికి రిటైర్‌మెంట్ వయసు. పైగా కాలిఫోర్నియాలో బయటికి కనపడని నిర్మాణ లోపాల మీద బిల్డరును కోర్టుకు లాగడానికి గడువు పనులు పూర్తయ్యాక పదేళ్ళే. ఆ గడువు ఈ బిల్డింగుల్లో చాలావాటికి ఎప్పుడో దాటిపోయింది. అంటే ఇక వచ్చే ప్రతి ఖర్చూ ఓనర్ల జేబులోంచే.

అందుకే 1,100 డాలర్ల ఫీజు ఎక్కువా తక్కువా అని అడిగితే చెప్పలేం. ఆ డబ్బులో రిజర్వ్ ఫండ్‌కు, అంటే పెద్ద రిపేర్ల కోసం దాచే నిధికి, ఎంత వెళ్తోంది, ఫండ్‌లో ఇప్పుడు ఎంత ఉంది, ఉండాల్సింది ఎంత అన్నదే లెక్క. రాష్ట్ర చట్టం ప్రకారం ప్రతి హెచ్‌ఓఏ కనీసం మూడేళ్ళకోసారి బిల్డింగును కళ్ళతో చూసి రిజర్వ్ స్టడీ చేయించాలి. అందులో ‘పర్సెంట్ ఫండెడ్’ అని ఒక అంకె ఉంటుంది, అంటే ఉండాల్సిన డబ్బులో ఎంత శాతం ఉందన్నది. 70 శాతం పైన ఉంటే ఆరోగ్యం, 30 కంటే తక్కువ ఉంటే ప్రమాదం అని ఈ రంగంలో వాడే కొలత. ఆ అంకె చూశాక వెంటనే పక్కనున్న భాగాల జాబితా చూడండి. అసలు కిటుకు అక్కడే ఉంది. లిఫ్టు మోడర్నైజేషన్, బయటి ముఖం రిపేరు ఆ జాబితాలోనే లేకుండా చేసి 80 శాతం చూపించడం చాలా తేలిక. మా బోర్డుకు వచ్చిన ఒక పాత స్టడీలో టెర్రకోటాకు పెట్టింది రంగు వేసే ఖర్చు! టెర్రకోటాకు ఎవరూ రంగు వేయరు.

ఫీజు తక్కువగా ఉన్న బిల్డింగును చూసి మురిసిపోకండి. ఫీజు పెంచుదామన్న బోర్డు మెంబరుకు మళ్ళీ ఓట్లు పడవు, అందుకని ఏళ్ళ తరబడి పెంచకుండా నెట్టుకొస్తారు. తర్వాత ఒకరోజు లిఫ్టు ఆగిపోతుంది. ఓనర్ల ఓటింగ్ లేకుండా బోర్డు ఏడాదికి మామూలు ఫీజును 20 శాతం దాకా పెంచవచ్చు. స్పెషల్ అసెస్‌మెంట్ (ఒక ఖర్చు కోసం ఓనర్ల దగ్గర విడిగా వసూలు చేసేది) అయితే ఆ ఏడాది బడ్జెట్‌లో 5 శాతం దాకా వేయవచ్చు. అంతకు మించితే ఓటింగ్ పెట్టాలి, ఎమర్జెన్సీ అయితే అదీ అక్కర్లేదు. ఉదాహరణకు 100 యూనిట్ల బిల్డింగులో కూలింగ్ టవర్, లిఫ్టులు కలిపి 12 లక్షల డాలర్ల పని వచ్చిందనుకోండి, ఫండ్ ఖాళీగా ఉంటే సగటున ఒక్కొక్కరికి 12,000. పెద్ద యూనిట్లకు ఎక్కువ పడుతుంది.

బోర్డు మీటింగుల మినిట్స్ గత 12 నెలలవి అడిగితే సెల్లర్ ఇప్పించాలి. ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కంటే నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. ఇన్‌స్పెక్టర్ మీ యూనిట్ లోపల కుళాయిలు తిప్పి చూస్తాడు. పదకొండో అంతస్తులో పగిలిన రైజర్ నుంచి ఆరో అంతస్తు దాకా నీళ్ళు దిగిన కథ మినిట్స్‌లో ఉంటుంది. వాటర్ ఇంట్రూజన్, ఇంజనీర్ ప్రపోజల్, లిటిగేషన్, ఇన్సూరెన్స్ నాన్-రెన్యువల్, ఈ మాటలు ఎక్కడ తగిలినా ఆగి రెండుసార్లు చదవండి. ఎగ్జిక్యూటివ్ సెషన్‌లో (బోర్డు గుట్టుగా జరిపే మీటింగులో) చర్చించాం అని ఒకే విషయానికి పదేపదే రాసి ఉంటే మేనేజ్‌మెంట్ కంపెనీకి ఫోన్ చేసి కోర్టు కేసు ఏమైనా నడుస్తోందా అని సూటిగా అడగండి.

బయటి ముఖం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఖర్చులో అదే పెద్దది, కొనేవాళ్ళు ఫొటో తీసుకోవడానికి తప్ప దాన్ని చూడరు. ఆ కాలపు బిల్డింగులకు టెర్రకోటా పలకలను ఉక్కు కొక్కేలతో లోపలి గోడకు బిగించారు. పలక మీది గ్లేజ్ బాగున్నంతకాలం నీళ్ళు ఆగుతాయి. అతుకుల్లో సున్నం రాలితే వాన నీళ్ళు లోపలికి దిగి కొక్కెం తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పలక పగులుతుంది. కింద ఫుట్‌పాత్ మీద జనం నడుస్తుంటారు కాబట్టి దీన్ని వాయిదా వేయడానికి ఉండదు. పగిలిన పలక తీసేసి సిమెంటు మెత్తుదామంటే కుదరదు. సిటీ హిస్టారిక్ కల్చరల్ మాన్యుమెంట్‌గా ప్రకటించిన బిల్డింగు అయితే బయటి మార్పులకు సిటీ పరిశీలన కావాలి, పాతదాని రంగూ ఆకారమూ కలిసేలా పలక చేయించాలి. ఆ పని చేసే కంపెనీలు దేశంలోనే బహు కొద్ది. వాటిలో ఒకటి గ్లాడింగ్ మక్‌బీన్, 1875లో మొదలై ఈనాటికీ ఉత్తర కాలిఫోర్నియాలోని లింకన్ ఊళ్ళో టెర్రకోటా కాలుస్తోంది. ఒక్క పలకకు అచ్చు తీయించి, కాల్పించి, తాళ్ళకు వేలాడే స్వింగ్ స్టేజ్ కట్టి బిగించడానికి అయ్యే ఖర్చు విని మా బోర్డులో ఒక పెద్దాయన లేచి వెళ్ళిపోయాడు. కాబట్టి ముఖాన్ని చివరిసారి ఇంజనీరు ఎప్పుడు దగ్గరగా చూశాడు, రిపోర్టు ఉందా అని అడగండి.

ఇక భూకంపం. ఇక్కడ మీ టెన్షన్‌లో న్యాయం ఉంది, కానీ ‘పాతది కాబట్టి కూలుతుంది’ అన్నంత తేలిక లెక్క కాదు. ఉక్కు ఫ్రేముతో కట్టినవి వేరు, పాత పద్ధతి కాంక్రీటువి వేరు, బరువంతా ఇటుక గోడలే మోసేవి వేరు. ఇటుకవాటికి సిటీ 1981లోనే ఆర్డినెన్స్ తెచ్చి బలపరచమంది. కాంక్రీటువాటికి 2015లో వచ్చింది: 1977 జనవరి 13కి ముందటి కోడ్‌తో కట్టిన, వంగే గుణం లేని కాంక్రీటు బిల్డింగులు నోటీసు అందిన మూడేళ్ళలో చెక్‌లిస్టు, పదేళ్ళలో ఇంజనీరింగ్ ప్లాన్లు ఇవ్వాలి, 25 ఏళ్ళలో పని పూర్తిచేయాలి. లాఫ్టులుగా మార్చేటప్పుడే చాలా బిల్డింగులకు గట్టి రెట్రోఫిట్ (భూకంపానికి తట్టుకునేలా బలపరచడం) జరిగింది. కొన్నిటికి అది సరిపోతుంది, కొన్నిటికి ఇంకా మిగిలి ఉంది. బిల్డింగ్ అండ్ సేఫ్టీ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి చూస్తే నోటీసులు, పర్మిట్లు కనిపిస్తాయి. 25 ఏళ్ళ గడువు ఉంది కదా అని ఊరుకోవద్దు. ఆ రెట్రోఫిట్ ఖర్చు ఎవరు పెట్టాలి? అప్పటికి ఓనర్లుగా ఉన్నవాళ్ళు.

హెచ్‌ఓఏ మాస్టర్ ఇన్సూరెన్స్‌లో భూకంపం ఉందా అని కూడా చూడండి. చాలావాటిలో ఉండదు. ఉన్నా డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇచ్చేముందు మనమే భరించాల్సిన భాగం) మొత్తం బిల్డింగు విలువ మీద శాతంగా ఉంటుంది, ఆ డిడక్టిబుల్‌నే ఓనర్లకు పంచుతారు. కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ పాలసీని కాండో ఓనర్లు విడిగా తీసుకోవచ్చు, అందులో ‘లాస్ అసెస్‌మెంట్’ కవరేజీ (ఈ పంపకంలో మీ వాటాకు వర్తించేది) తప్పకుండా పెట్టించుకోండి. గోడ మీద పగులు కంటే ఈ పంపకమే పెద్ద దెబ్బ.

లోన్ సంగతి మీరు అడగలేదు కానీ ఇలాంటి డీల్స్ చాలావరకు చెడిపోయేది అక్కడే. 2021 జూన్‌లో ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో కాండో టవర్ కూలిపోయింది. ఆ తర్వాత లెండర్ల నుంచి ఇళ్ళ లోన్లు కొనే సంస్థలు ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ నిబంధనలు బిగించాయి. అవసరమైన పెద్ద రిపేర్లు వాయిదా వేసిన బిల్డింగుల్లో లోన్లను అవి కొనవు. బడ్జెట్‌లో ఒక కనీస వాటా రిజర్వుకు పోవాలన్న షరతు ఎప్పటినుంచో ఉన్నదే, ఇప్పుడు దాన్ని గట్టిగా అడుగుతున్నారు. బిల్డింగులో కమర్షియల్ భాగం 35 శాతం దాటకూడదు. కింద రెస్టారెంటు, బేస్‌మెంటులో బారు, రెండో అంతస్తులో ఆఫీసులు ఉన్న పాత బిల్డింగుకు ఇది చిన్న విషయం కాదు. బిల్డింగు పాసవకపోతే మీ క్రెడిట్ స్కోర్ 800 ఉన్నా లాభం లేదు. డౌన్‌పేమెంట్ ఎక్కువ, వడ్డీ ఎక్కువ అడిగే లెండర్లే మిగులుతారు. కాబట్టి ఆఫర్‌కు ముందే లెండర్‌ను ‘గత ఏడాదిలో ఈ బిల్డింగులో ఎవరికైనా లోన్ ఇచ్చారా’ అని అడగండి. రేపు మీరు అమ్మేటప్పుడు కూడా కొనేవాడికి ఇదే అడ్డం వస్తుంది.

మిల్స్ యాక్ట్ గురించి మీ ఏజెంట్ చెప్పింది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. 1972 నాటి రాష్ట్ర చట్టం ఇది, లాస్ ఏంజెలెస్ సిటీ 1996 నుంచి అమలు చేస్తోంది. చారిత్రక భవనాన్ని కాపాడతామని ఓనర్లు సిటీతో పదేళ్ళ ఒప్పందం చేసుకుంటారు, ఏటా దానికి ఇంకో ఏడాది కలుస్తూ పోతుంది. ఇల్లు అమ్మితే ఒప్పందం కొత్త ఓనరుకు బదిలీ అవుతుంది. బదులుగా కౌంటీ అసెసర్ మీ కొన్న ధర మీద కాకుండా, ఆ ఇంటికి ఎంత అద్దె రావచ్చన్న లెక్క మీద విలువ కడతాడు. మామూలుగా అయితే 7 లక్షలకు సుమారు 1.2 శాతం చొప్పున ఏడాదికి 8,400. మిల్స్ లెక్కలో అది సగం అయితే నెలకు 350 మిగులుతుంది. మంచి డబ్బే. కానీ ఈ విలువ ఏటా తిరిగి కడతారు. అద్దెలు పెరిగితే, వడ్డీ రేట్లు తగ్గితే మీ ట్యాక్స్ పెరగవచ్చు. ఇంకొకటి, లిస్టింగులో చూపించే ట్యాక్స్ పాత ఓనరుది. మీరు కొన్నాక మీకు వచ్చే అంకె వేరుగా ఉండవచ్చు. కొన్న కొన్ని నెలలకు సప్లిమెంటల్ బిల్లు అని విడిగా ఒకటి వస్తుంది, అది చాలాసార్లు ఎస్క్రో (ట్యాక్సుల కోసం లెండర్ మీ దగ్గర తీసి ఉంచే ఖాతా) నుంచి కట్టరు, మీరే కట్టాలి.

ఒప్పందంలో బాధ్యతలు కూడా ఉన్నాయి. అయిదేళ్ళకోసారి ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, ఒప్పుకున్న పనులు చేశారా అని చూస్తారు. ఒప్పందం ఉల్లంఘించారని రద్దు చేస్తే మార్కెట్ విలువలో 12.5 శాతం జరిమానా. అది జరగడం అరుదు. అయినా ఒప్పందం కాపీ తెప్పించి, పనుల జాబితాలో ఏవి మిగిలాయో చూడండి. ముఖం రిపేరు అందులో ఉండి, రిజర్వ్ స్టడీలో లేకపోతే మీకు విషయం అర్థమైపోతుంది.

ఇక్కడిదాకా కాగితాలు. కాగితాలన్నీ బాగున్నా ఈ యూనిట్ మీకు వద్దనడానికి కారణం వేరే ఉంది. అది అమ్మానాన్న ఉండే ఆర్నెల్లు.

మెజనైన్ మీద పడక అంటే తలుపు లేని గది. గోడ సీలింగు దాకా వెళ్ళదు. కింద వాళ్ళు దగ్గినా, మీరు పైన రాత్రి పదకొండుకు ఆఫీసు కాల్ మాట్లాడినా ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రేడియో భక్తిగీతాలు ఫోన్‌లో పెట్టే నాన్నగారు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళు ఆ నిటారు మెట్లు ఎక్కలేరు కాబట్టి వాళ్ళు కింద సోఫా బెడ్ మీద, అంటే వంటింటికి నాలుగడుగుల దూరంలో. మధ్యలో డ్రైవాల్ కట్టి గది చేద్దామంటే, కిటికీ లేని గదిని బెడ్‌రూమ్ అని అమ్మలేరు, స్ప్రింక్లర్లు జరపడానికి పర్మిట్, హెచ్‌ఓఏ ఆర్కిటెక్చరల్ కమిటీ అనుమతి కావాలి. అన్నట్టు, మీ 1,150లో మెజనైన్ కలిపి చెప్పారా, ఆ మెజనైన్‌కు అసలు పర్మిట్ ఉందా అన్నది కూడా చూడండి. లోపల సొంతంగా కట్టుకున్నవి ఈ బిల్డింగుల్లో కొల్లలు.

తర్వాత వంట. స్టవ్ పైన ఉన్న హుడ్ గాలిని బయటికి పంపుతుందా, లేక బొగ్గు ఫిల్టర్ గుండా తిప్పి మళ్ళీ ఇంట్లోకే వదులుతుందా? చారిత్రక ముఖానికి కొత్త కన్నం పెట్టనివ్వరు కాబట్టి చాలా లాఫ్టుల్లో రెండోదే. ఎండుమిరపకాయల తాలింపు ఒక్కటి చాలు, ఘాటు 13 అడుగుల సీలింగు దాకా వెళ్ళి, అక్కడున్న మీ పరుపు మీద వాలుతుంది. చేపల పులుసు పెట్టిన రోజు కారిడార్‌లో పొరుగువాళ్ళ మొహాలు చూడాలి. చూడడానికి వెళ్ళినప్పుడు హుడ్ ఆన్ చేసి పై అలమర తలుపు తీయండి. లోపల డక్ట్ కనిపిస్తే అదృష్టవంతులు. మనవాళ్ళు గ్రానైట్ రంగు చూస్తారు గానీ ఇది చూడరు.

చప్పుడు, ఎండ కూడా ఉంటాయి. పాత చెక్క కిటికీలకు ఒకటే అద్దం. వారాంతాల్లో స్ప్రింగ్ స్ట్రీట్ బార్లు రాత్రి రెండింటి దాకా, తర్వాత చెత్త ట్రక్కులు, మధ్యలో సైరన్లు. కిటికీ మార్చనివ్వరు, కానీ లోపలివైపు రెండో అద్దం బిగించుకోవచ్చు, బయటికి కనపడదు కాబట్టి సాధారణంగా అభ్యంతరం ఉండదు. అది పెట్టించాక నాకు నిద్ర పట్టింది. పడమటి ముఖం అయితే సెప్టెంబరు సాయంత్రాలు ఆ ఎత్తైన కిటికీల వల్ల ఏసీ గెలవదు. సినిమా షూటింగులు ఇంకో రకం. షూటింగ్ పర్మిట్లు చూసే ఫిల్మ్ ఎల్ఏ వాళ్ళ నోటీసు తలుపుకు అంటిస్తారు, ఆ రాత్రంతా ఎదురుగా క్రేన్ మీద లైటు పెట్టి మీ గదిని పట్టపగలు చేస్తారు. మొదటిసారి సరదాగా ఉంటుంది.

వీధి గురించి నిజం చెప్పాలి. ఇళ్ళు లేనివాళ్ళు పెద్ద సంఖ్యలో ఫుట్‌పాత్‌ల మీద బతికే స్కిడ్ రో కొన్ని బ్లాకుల దూరంలోనే ఉంది. ఒక వీధికీ ఇంకో వీధికీ తేడా చాలా ఉంటుంది. పగలు గ్రాండ్ సెంట్రల్ మార్కెట్ కాఫీ తాగి చుట్టుపక్కల చూసి నిర్ణయానికి రావద్దు, రాత్రి తొమ్మిదికి, ఆదివారం పొద్దున ఆరింటికి నడిచి చూడండి. మీకు అలవాటవుతుంది. భాష రాని చోట ఒంటరిగా సాయంత్రం వాకింగ్‌కు వెళ్ళే మీ నాన్నగారికి అలవాటవుతుందా అన్నది మీరే ఆలోచించాలి. ఇర్వైన్‌లోనో సెరిటోస్‌లోనో అయితే ఆయనకు పార్కులో ఇద్దరు తెలుగువాళ్ళు తగులుతారు. ఇక్కడ తగలరు.

అమ్మడం విషయానికి వస్తే, డౌన్‌టౌన్ కాండోలు ఎప్పుడూ పెరిగే ఆస్తి అనుకోవద్దు. 2015–18 ప్రాంతంలో కొన్నవాళ్ళలో కొందరు కోవిడ్ తర్వాత కొన్న ధర కంటే తక్కువకు అమ్ముకున్నారు. ఆఫీసులకు జనం రావడం తగ్గాక ఈ ప్రాంతం ఇంకా పూర్తిగా తేరుకోలేదు. మీరు హెచ్-1బీ మీద ఉన్నారన్నారు. ఉద్యోగం పోతే గ్రేస్ పీరియడ్ 60 రోజులు. ఆ వ్యవధిలో లాఫ్ట్ అమ్ముడుపోతుందని లెక్కేసుకోకండి. అద్దెకు ఇవ్వడం కుదురుతుంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం హెచ్‌ఓఏలు కనీసం 25 శాతం యూనిట్ల దాకా అద్దెకు ఇవ్వనివ్వాలి. కానీ అప్పటికే ఆ కోటా నిండిపోయి వెయిటింగ్ లిస్టు ఉండవచ్చు, అడగండి. ఎయిర్‌బీఎన్‌బీ ఆలోచన ఉంటే మానుకోండి. సిటీ నియమం ప్రకారం మీరు నివసించే ఇంట్లోనే, మామూలుగా ఏడాదికి 120 రోజులు మాత్రమే. హెచ్‌ఓఏలు చాలావరకు అదీ ఒప్పుకోవు.

మరి ఎవరు కొనవచ్చు? ఆఫీసు డౌన్‌టౌన్‌లోనో మెట్రో లైను మీదో ఉండి, ఇంట్లో ఇద్దరే ఉండి, ఏడెనిమిదేళ్ళు కదలకుండా ఉండగలిగి, పక్కన 25,000 డాలర్లు అసెస్‌మెంట్ కోసం పెట్టుకోగలిగినవాళ్ళు. రిజర్వ్ 70 శాతం పైన, ముఖం రిపేరు ఈమధ్యే పూర్తయిన బిల్డింగు దొరికితే నేనైతే కొత్త గాజు టవర్ కంటే దీన్నే ఎంచుకుంటాను. ఆ గోడల మందం, ఆ ఎత్తు, ఆ వెలుతురు ఇప్పుడు ఎవరూ కట్టరు.

మీకు మాత్రం ఇలా చెప్తాను. అదే బిల్డింగులో అద్దెకు యూనిట్లు ఎప్పుడూ ఉంటాయి. ఏడాది లీజు తీసుకోండి, అందులో అమ్మానాన్న వచ్చే ఆర్నెల్లు కలిసేలా చూసుకోండి. ఓనర్ల మీటింగుకు వెళ్ళడం కుదరకపోయినా లిఫ్టు ఎన్నిసార్లు ఆగింది, వేడినీళ్ళు ఎన్నిసార్లు రాలేదు మీకే తెలుస్తుంది. తర్వాత కూడా మనసు అక్కడే ఉంటే, తలుపున్న గది ఒకటైనా ఉన్న యూనిట్ కోసం చూడండి. అప్పుడు ఆఫర్‌లో హెచ్‌ఓఏ డాక్యుమెంట్లు చదివే గడువు తగ్గించడానికి ఒప్పుకోకండి. మామూలు కాంట్రాక్టులో తనిఖీలకు 17 రోజులుంటాయి, ఏజెంట్లు పోటీ పేరు చెప్పి దాన్ని ఏడు రోజులు చేయమంటారు. రిజర్వ్ స్టడీ, మినిట్స్, మిల్స్ ఒప్పందం, మాస్టర్ ఇన్సూరెన్స్ చదివి ప్రశ్నలు అడగడానికి ఏడు రోజులు చాలవు.

చివరగా పార్కింగ్. మీరు దాన్ని చిన్న విషయంగా రాశారు. ఆర్టీజియాలో ఇండియన్ సరుకులకు, కలాబసాస్‌లో మాలిబు గుడికి కారు లేకుండా వెళ్ళలేరు, అమ్మానాన్న ఉన్నప్పుడు ఈ రెండూ తప్పవు. పక్క గ్యారేజీలో నెలవారీ పార్కింగ్ దొరుకుతుంది కానీ అది లీజు, మీ హక్కు కాదు. ఓనరు ఆ స్థలంలో టవర్ కట్టాలనుకుంటే నోటీసు ఇచ్చి మూసేస్తాడు. హెచ్‌ఓఏకు ఆ గ్యారేజీతో రాతపూర్వక ఒప్పందం ఉందా, ఎన్నేళ్ళు మిగిలింది, అందులో మీ యూనిట్‌కు ఒక స్లాట్ రాసి ఉందా, ఈ మూడూ ఈమెయిల్‌లో అడిగి జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి. ఫోన్‌లో అందరూ ‘ఉంటుందండీ’ అనే అంటారు.